ట్రెడ్‌మిల్ నుంచి రోడ్డు మీదికి

ట్రెడ్‌మిల్‌పై గంటకు 10 కిలోమీటర్లంటే కిలోమీటరుకు 6 నిమిషాలు. అదే వేగం రోడ్డు మీద కష్టమనిపిస్తే కంగారుపడకండి: లోపల ఎదురుగాలి ఉండదు, వేగం తగ్గకుండా బెల్టే చూసుకుంటుంది. గంటకు 13 కిలోమీటర్లు దాటితే ట్రెడ్‌మిల్ ఏటవాలు (ఇంక్లైన్) 1 శాతం పెట్టండి. అంతకంటే నెమ్మదైతే పెద్దగా అక్కర్లేదు. పక్క కడ్డీలు మాత్రం పట్టుకోవద్దు. ఒంటి బరువు చేతుల మీదికి పోయి కాళ్లకు పని తగ్గుతుంది.

అసలు తేడా దిగుడులో తెలుస్తుంది. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు తొడలు పట్టేస్తాయి. మామూలు ట్రెడ్‌మిల్ దిగడం నేర్పదు. వారానికోసారి తెల్లవారుజామున ఏటవాలు రోడ్డు చూసుకుని, చిన్న అడుగులతో 4 సార్లు దిగండి. రోడ్డు మీద తొలి రెండు వారాలు వేగం వదిలేసి సమయమే లెక్కపెట్టండి. మే ఎండల్లో మాత్రం ఫ్యాను పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తడమే మేలు.