రోమన్ నాణెంపై దేవుడెవరో, దేవుడి కొడుకెవరో చదవడం ఎలా

తెలుగు నేలలో దొరికిన రోమన్ వెండి నాణేలలో, ముఖ్యంగా నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో, ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల దెనారియస్‌లే (రోమన్ల వెండి నాణెం పేరు దెనారియస్) ప్రధానంగా కనిపిస్తాయి. మ్యూజియంలో గానీ ఫొటోలో గానీ అటువంటిది ఎదురైతే బొమ్మను చూసి ఊరుకోకుండా, అంచు వెంబడి ఉన్న అక్షరాలను కూడా చదవాలి. చక్రవర్తి పూజకు, చక్రవర్తి పాలనకు ఉన్న ముడి ఆ అక్షరాల్లోనే ఉంది.

చదివేముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ‘యు’ ఉండవలసిన చోట రోమన్లు ‘వి’ అక్షరాన్నే చెక్కేవారు. చోటు చాలక మాటలను సగంలో తుంచేవారు. అమలాపురంలో డిగ్రీ విద్యార్థులకు మొదటిసారి పాఠం చెప్పినప్పుడు నేను ‘ఎ, వి, జి’ అన్న మూడక్షరాలను వేరే మనిషి పేరనుకొని తప్పు చెప్పాను. అది ఆగస్టస్ అన్న బిరుదుకు పొట్టిరూపం.

ఇక టైబీరియస్ (పాలన క్రీ.శ. 14–37) నాణేన్ని తీసుకోండి. తల చుట్టూ ఉన్న అక్షరాలను విడదీస్తే ‘టి, సీజర్, డివి, ఆగ్, ఎఫ్, ఆగస్టస్’ అని వస్తుంది. ఇక్కడ పట్టుకోవలసిన మాట ‘డివి’. మన వ్యాకరణంలో చెప్పాలంటే ఇది షష్ఠీ విభక్తి. ‘ఎఫ్’ అంటే కొడుకు. కాబట్టి ‘దైవమైన ఆగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ ఆగస్టస్’ అని అర్థం. ప్రథమా విభక్తిలో ‘డివుస్’ అని ఉంటే బొమ్మలోని మనిషే దైవత్వం పొందాడన్నమాట. టైబీరియస్ కాలపు రాగి నాణేలపై కిరణాల కిరీటంతో ఉన్న ఆగస్టస్ తల చుట్టూ ‘డివుస్ ఆగస్టస్ పాటెర్’ (దైవమైన తండ్రి ఆగస్టస్) అని ఉండేది అందుకే. అయితే కిరీటాన్ని మాత్రమే నమ్ముకోకూడదు, నీరో బతికుండగానే దాన్ని పెట్టించుకున్నాడు.

ఈ దైవత్వం సెనేట్ (రోమ్ పెద్దల సభ) తీర్మానంతో వచ్చేది. హతుడైన జూలియస్ సీజర్‌ను క్రీ.పూ. 42లో సెనేట్ దేవుడిగా ప్రకటించగా, దత్తపుత్రుడు ఆక్టేవియన్ ‘దైవపుత్రుడు’ అయి, ఆ బిరుదు అండతోనే అధికారానికి ఎదిగి ఆగస్టస్ అయ్యాడు, క్రీ.శ. 14 సెప్టెంబరు 17న ఆయనకూ అదే గౌరవం దక్కింది. సభ తీర్మానంతో వచ్చే దైవత్వానికీ, జనం ఇచ్చే గౌరవానికీ ఉన్న తేడా మన డెల్టా పాఠకులకు సులువుగానే తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర విగ్రహానికి మనవాళ్లు దండలు వేసేది, ఆయనను భగీరథుడితో పోల్చేది ఏదో సభ తీర్మానించిందని కాదు. రోమ్‌లో అటువంటి గౌరవానికి పూజారులు, ఆలయం, బలులు ప్రభుత్వపు ఖర్చుతో ఏర్పాటయ్యేవి, దానివల్ల లాభపడేది సింహాసనంపై ఉన్న వారసుడు.

నాణెం రెండో వైపు ‘పోంతిఫ్ మాక్సిమ్’ అని, అంటే ప్రధాన పూజారి అని ఉంటుంది. మధ్యలో రాజదండం, కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ ఆగస్టస్ భార్య లివియా అని చాలామంది అభిప్రాయం. దైవపుత్రుడనీ, పూజారులకు పెద్ద అనీ ఒకే నాణెంపై చెప్పుకున్న టైబీరియస్, క్రీ.శ. 25లో స్పెయిన్ వాళ్లు తనకు గుడి కడతామంటే వద్దన్నాడు. ఆయన చనిపోయాక సెనేట్ ఆయనను దేవుణ్ని చేయలేదు. కనుక ఎవరైనా ‘డివుస్ టైబీరియస్’ అని ఉన్న నాణేన్ని ఆయన మరణానంతరపు రోమన్ నాణెమని అమ్మజూపితే అనుమానించండి.

చెరువు తవ్వకంలోనో పంటకాలువ పూడికతీతలోనో నాణెం దొరికితే చింతపండుతో తోమవద్దు, ఎందుకంటే అంచునున్న అక్షరాలు అరిగిపోతాయి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దొరికిన చోటును, లోతును ఆ రోజే రాసిపెట్టుకోండి.