మిద్దె మీద చవుడు పోసే ముందు భూకంపం సంగతీ చూసుకోండి

మిరుగం (మృగశిర కార్తె) వచ్చేలోపు పాలమూరు, నల్లగొండ ఊళ్లలో పాత మిద్దెలకు, అంటే మట్టి కప్పు ఇళ్లకు, వాన కురవకుండా చవుడు మట్టి పోస్తారు కదా. ఎలాగూ పైకి ఎక్కుతున్నారు, ఇవి కూడా చూడండి. మనకు భూకంపాలేంటి అనుకోవద్దు, 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వస్తే హైదరాబాద్ దాకా తెలిసింది.

– పాత చవుడు తీయకుండా కొత్తది పోయొద్దు, కప్పు బరువెక్కుతుంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి చుట్టుపక్కల వచ్చిన భూకంపంలో దాదాపు 10 వేల మంది పోయింది ఇలాంటి ఇళ్ల కిందే, రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన గోడలు, మీద మందపాటి మట్టి కప్పు, అదీ అందరూ నిద్రలో ఉన్నప్పుడు. ఏటా నాలుగు తట్టలే కదా అనుకుంటాం, మా ఇంటి మీద తవ్వితే మూరెడు లోతు వచ్చింది!

– రాతి గోడ మధ్యలో ఉబ్బిందా? లోపలి వరస, బయటి వరస విడిపోతున్నట్టే. ముందు మేస్త్రీకి చూపించండి, చవుడు తర్వాత.

– దూలం కొనలు గోడలోకి దిగే చోట చెద చూడండి. ఊగితే మొదట జారేది అక్కడే.

– మట్టి గోడల మీద స్లాబ్ వద్దు, ఎవరు చెప్పినా సరే.

– మంచానికి పైన ఉన్న అటక మీద బిందెలు, రోళ్లు ఉంటే దించేయండి.

– ఊగినప్పుడు: మట్టింట్లో తలుపు పక్కనే ఉంటే బయటికి, గోడలకు దూరంగా. పిల్లర్ల ఇంట్లో పై అంతస్తులో ఉంటే మెట్ల మీద పరుగెత్తొద్దు, గట్టి బల్ల కిందికి దూరండి.

– ఆగింది కదా అని ఫోన్ కోసం వెంటనే లోపలికి పోవద్దు, మళ్లీ ఊగొచ్చు.