తేనెటీగలకు నీటి తొట్టి ఏర్పాటు చేసే విధానం

తేనెటీగలు మకరందాన్నీ పుప్పొడినీ నిల్వ చేసుకున్నట్లు నీటిని పట్టులో నిల్వ చేసుకోవు. అవసరం కలిగినప్పుడల్లా బయటి నుంచి తెచ్చుకుంటాయి. పిల్లపురుగులు పెరిగే గదుల దగ్గర వేడి సుమారు 33 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి కనుక, ఎండ ముదిరినప్పుడు శ్రామిక ఈగలు నీటిని గదుల మీద పలుచగా పరిచి, రెక్కలతో విసురుతూ ఆవిరి చేసి పట్టును చల్లబరుస్తాయి. గడ్డకట్టిన తేనెను పలుచన చేసుకోవడానికీ, పిల్లపురుగులకు ఆహారం తయారు చేయడానికీ కూడా నీరు కావాలి. ఒక ఈగ ఒక్క విడతలో తేగలిగేది మహా అయితే ఒక చుక్క. ఈగలు ఎక్కువగా ఉన్న బలమైన తేనెపెట్టెకు మండుటెండల్లో రోజుకు లీటరు దాకా పట్టవచ్చు. కాబట్టి నీరు ఎంత దగ్గరగా ఉంటే ఈగల శ్రమ అంత తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, తొట్టిని ముందుగానే సిద్ధం చేయడం. ఈగలు ఒకసారి ఒక నీటి చోటును అలవాటు చేసుకున్నాక, పక్కనే మంచి నీరు పెట్టినా త్వరగా అటు మళ్లవు. పొరుగింటి కుళాయికో ఈతకొలనుకో అలవాటు పడినవాటిని మళ్లించడం చాలా కష్టం. పెట్టెలను కొత్త చోటికి తెచ్చిన రోజే, లేదా ఎండలు మొదలు కాకముందే నీరు పెట్టాలి. ఆ తర్వాత అది ఒక్క రోజు కూడా ఎండిపోకూడదు. ఎండిన తొట్టి దగ్గరికి వచ్చిన ఈగలు వేరే నీటిని వెతుక్కుంటాయి.

పాత్ర ఏదైనా ఫరవాలేదు కానీ, ఈగ నిలబడి తాగడానికి చోటు తప్పక ఉండాలి, ఎందుకంటే నునుపైన అంచు గల లోతైన పాత్రలో పడిన ఈగ పైకి రాలేక మునిగిపోతుంది. వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు పరిచి, వాటి పైభాగం తేలి ఉండేంత వరకే నీరు పోయడం అన్నిటికన్నా సులభమైన పద్ధతి. పెద్ద తొట్టి అయితే బెండు ముక్కలు, పుల్లలు లేదా చెక్క పలకలు తేలనివ్వవచ్చు. ఒక కొస నీటిలో మునిగేలా అంచు మీద వేలాడదీసిన గోనెపట్టా కూడా బాగా పనిచేస్తుంది. ఈగలు తడిసిన గుడ్డ నుంచే పీల్చుకుంటాయి.

తొట్టిని పెట్టెల ముఖద్వారానికి ఎదురుగా, ఈగలు ఎగిరే దారి కింద ఉంచరాదు. వాటి రెట్ట నీటిలో పడితే ఈగల పేగులకు సోకే నోసీమా వంటి వ్యాధులు ఇతర ఈగలకు పాకవచ్చు. కాస్త పక్కకు, గాలి తాకిడి లేని చోట, ఉదయపు ఎండ పడేలా ఉంచితే మంచిది. బాగా చల్లగా ఉన్న నీరు తాగితే ఈగ ఒళ్లు చల్లబడి ఎగరడానికి ఇబ్బంది పడుతుంది.

శుభ్రమైన కుళాయి నీటిని వదిలి ఈగలు నాచు పట్టిన గుంటకే పోవడం చూసి చాలామంది నిరుత్సాహపడతారు. ఈగలు నీటిని వాసనతో కూడా గుర్తిస్తాయి, కొద్దిపాటి లవణాలున్న నీటిని ఇష్టపడతాయి. అందుకే మొదటి రోజుల్లో చిటికెడు ఉప్పు కలపవచ్చు. చక్కెర నీరు కూడా ఆకర్షిస్తుంది గానీ, పూల కరువు కాలంలో అది పెట్టెల మధ్య దోపిడీకి, అంటే ఒక పెట్టె ఈగలు మరో పెట్టెలోని తేనెను దోచుకోవడానికి, దారి తీస్తుంది కనుక దాన్ని మానడమే మేలని నా అభిప్రాయం. ఈగలు రావడం మొదలయ్యాక ఉప్పు కూడా ఆపేయాలి. దోమలు పెరగకుండా నీటిని వారానికి కనీసం రెండుసార్లు పూర్తిగా పారబోసి నింపాలి. దోమల మందు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. రాళ్ల మీది నాచును పూర్తిగా తోమేయనక్కర్లేదు.

చుట్టుపక్కల పొలాల్లో పురుగుమందు చల్లేటప్పుడు పెట్టెలను కొద్ది సేపు మూసి ఉంచాల్సి వస్తే, ఈగలు బయటికి పోలేవు కనుక నీటిని లోపలికే అందించాలి. పెట్టెలో పట్టు కట్టే చెక్క చట్రం స్థానంలో అమర్చే తిండి తొట్టిలో తేలే పుల్లలు వేసి నీరు పోయవచ్చు. గాలి ఆడే దారులు తెరిచే ఉంచి, పెట్టెపై తడి గోనెపట్టా కప్పి, అది ఆరకుండా చూసుకోవాలి. మందు చల్లిన తర్వాత తొట్టిలోని పాత నీటిని పారబోసి, గిన్నెను కడిగి, కొత్త నీరు నింపిన తర్వాతే ద్వారాలు తెరవాలి.