బాటిల్ నిండుగానే ఉంది, సూది మాత్రం పైకి పోతోంది

"అన్నా, టెంపరేచర్ సెన్సర్ పోయింది, కొత్తది వేసెయ్." మా షెడ్డులోకి బండి వచ్చేటప్పుడే ఈ తీర్పు కూడా వచ్చేస్తుంది. బెంగళూరులో కేఆర్ పురం వైపు షెడ్డు కాబట్టి సగం మంది మన తెలుగువాళ్లే, ఫోనుకి స్కానర్ కలిపి బండి కంప్యూటర్ చూపించే లోపం కోడ్ కూడా చదువుకుని వస్తారు. "రేడియేటర్ మూత తీసి చూశారా?" అని అడుగుతాను. "బాటిల్ ఫుల్లుగా ఉందన్నా" అంటారు. నేను అడిగింది రేడియేటర్ పక్కన పొంగిన కూలెంట్ పట్టే ఆ బాటిల్ గురించి కాదు.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, రేడియేటర్ మూత తీసి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మెడ దాకా ఉందా లేదా చూడండి. రేడియేటర్‌కి మూత లేక, బాటిల్‌కే ఉండే రకమైతే అక్కడ గీతలు చూస్తే చాలు. అర నిమిషం పని. ఇది చేయకుండా స్కానర్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఓపిక పోతుంది.

వేడి ఎప్పుడు ఎక్కుతోంది?

సిల్క్ బోర్డు సిగ్నల్లో నిలబడితే ఎక్కి, బండి కదలగానే దిగుతోందంటే ఫ్యాను. ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడండి, చాలా బళ్లలో వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో చూసుకోండి.

ఊళ్లో బాగుండి హోసూరు రోడ్డు మీద స్పీడు పెంచితే ఎక్కుతోందంటే ఫ్యాను జోలికి పోకండి. రేడియేటర్ మూసుకుపోయిందో, కూలెంట్ తగ్గిందో చూడాలి.

అసలు వేడే ఎక్కక, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పే నీలం లైటు చాలాసేపు ఆరకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వదలని వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయింది. లేదా ఎవరో పుణ్యాత్ముడు "మన ఎండలకి ఇదెందుకు సార్" అని పీకేశాడు. కొత్త బళ్లలో పీ0128 కోడ్ ఎక్కువగా ఇందుకే. మైలేజీ కూడా పడిపోతుంది. కొత్తది వేయించండి.

సెన్సర్ నిజంగా పోయిందా?

దీనికి ఊహలు అక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్కానర్లో కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకటే చూపించాలి. మైనస్ 40 చూపిస్తే (పీ0118) ఎక్కడో తీగ తెగినట్టు. రెండు పిన్నుల సెన్సరైతే కనెక్టర్ పీకి, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, వైరు వైపు పిన్నులు రెండూ చిన్న తీగ ముక్కతో కలపండి. అంకె ఒక్కసారిగా 130 పైకి ఎగిరితే వైరింగ్ బాగున్నట్టే, పోయింది సెన్సరే. ఎగరకపోతే సెన్సర్ కొనకండి, కనెక్టర్లో పచ్చని చిలుము వెతకండి. ఎప్పుడూ వేడి చూపిస్తూ పీ0117 వస్తుంటే పని తిరగేయాలి. కనెక్టర్ పీకగానే మైనస్ 40కి పడితే సెన్సర్ లోపల షార్ట్, పడకపోతే వైరు షార్ట్. కనెక్టర్ పీకితే ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, వేళ్లు జాగ్రత్త.

మల్టీమీటర్ ఉంటే 25 డిగ్రీల దగ్గర సుమారు 2 కిలో ఓమ్‌లు, 80-90 దగ్గర 200 నుంచి 300 ఓమ్‌లు. బండిని బట్టి అటూ ఇటూ ఉంటుంది.

సూది పిచ్చిగా ఊగుతుంటే

ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. చిత్తూరు కస్టమర్ ఒకాయన నెలకోసారి తిరుపతి వెళ్లొస్తాడు. పోయేటప్పుడు ఏమీ లేదు. వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కుతుంటే సూది పైకి లేచేది, ఉన్నట్టుండి కిందికి పడేది, మళ్లీ లేచేది. సెన్సర్ మార్చాను. మూడు వారాలు బంగారంలా నడిచింది. మళ్లీ అదే కథ. థర్మోస్టాట్ మార్చాను. మళ్లీ మూడు వారాలు. మూడోసారి పలమనేరు నుంచి ఫోను: "అన్నా, బాటిల్ పొంగి కారిపోతోంది. నువ్వు చేసిన పని ఇదేనా?"

బండి రాత్రి షెడ్డులోనే పెట్టించాను. పొద్దున బానెట్ ఎత్తితే రేడియేటర్ పై గొట్టం రసం పీల్చేసిన మామిడిపండులా అణిగి అతుక్కుని ఉంది. మూత తిప్పగానే 'స్స్' అని గాలి లోపలికి పోయి గొట్టం మళ్లీ ఉబ్బింది. లోపల చూస్తే లీటరుకి పైగా తక్కువ. బాటిల్ మాత్రం నిండు కుండ.

దొంగ మూతలోనే ఉన్నాడు. మూత అడుగున పెద్ద స్ప్రింగు మీద ఒక రబ్బరు, దాని మధ్యలో చొక్కా బొత్తామంత చిన్న వాల్వు ఉంటాయి. వేడికి కూలెంట్ ఉబ్బినప్పుడు పెద్ద స్ప్రింగు లేచి బాటిల్లోకి వదులుతుంది. చల్లారినప్పుడు ఆ చిన్న వాల్వు తెరుచుకుని వెనక్కి పీల్చుకోవాలి. ఈయన బోరు నీళ్లు పోసిపోసి ఆ వాల్వు సున్నపు గారతో బిగుసుకుపోయింది. పోయిన కూలెంట్ తిరిగి రాలేదు, రోజూ కాస్త. పైన చేరిన గాలిలోకి సెన్సర్ మొన తేలింది. గాలి తగిలితే సూది పడుతుంది, మరిగే నీళ్లు తగిలితే లేస్తుంది. పార్టు మార్చిన ప్రతిసారీ కూలెంట్ మళ్లీ నింపుతాం కాబట్టి మూడు వారాలు బాగుండేది. చెడ్డపేరు మాత్రం సెన్సర్‌కి వచ్చింది.

రబ్బరు గట్టిపడినా ఇదే గతి. గొట్టం అతుక్కోదు, మెడ దగ్గర గాలి పీలుస్తుంది. ఒత్తిడి కూడా నిలవదు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ ఒత్తిడి లేని నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. చాలా బళ్లలో ఫ్యాను మొదలయ్యేది కూడా ఆ చుట్టుపక్కలే.

చిన్న వాల్వుని గోరుతో లాగండి. లేచి టక్కున వెనక్కి పోవాలి. అనుమానం ఉంటే కొత్తది వేయడమే. జేసీ రోడ్డులో కొనేటప్పుడు పాత మూత మీద ఒత్తిడి అంకె 0.9 ఉంటే 0.9, 1.1 ఉంటే 1.1 తీసుకోండి. ఎక్కువ ఒత్తిడిది వేస్తే మంచిదని ఎవరైనా అంటే వినకండి, గొట్టాలు పగులుతాయి. బాటిల్‌కి పోయే సన్నటి ట్యూబు పగిలిందేమో కూడా చూడండి.

తర్వాత గాలి తీయాలి. చల్లటి ఇంజన్, ముందు చక్రాలు కాస్త ఎత్తులో, హీటర్ ఫుల్ వేడి మీద. మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, పై గొట్టం నొక్కుతూ తగ్గినంతా పోయండి. పై గొట్టం వేడెక్కి బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు వచ్చి ఆగేదాకా నడపండి. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. బాటిల్ మీద పెన్నుతో గీత గీసి, రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూడండి. వేడికి పెరిగి, తెల్లారేసరికి పాత గీతకి దిగితే మూత పని చేస్తోంది.

గాలి ఎంత తీసినా బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకి, పైన హెడ్‌కి మధ్య ఉండే సీలు) పోయినట్టు, అది వేరే ఖర్చు. వాటర్ పంపు ఫ్యాన్ అరిగిపోవడం అరుదు. ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, పోయి తప్పుడు టెంపరేచర్ చూపించిన బండి నా చేతికి ఒక్కటే వచ్చింది, అది 2022 సెప్టెంబరు వానలకి బెళ్లందూరు దగ్గర సీటు దాకా మునిగిన బండి.