పెరట్లో నాటుకోళ్లని తక్కువ ఖర్చుతో కాపాడుకోవడం ఎలా

కోడి పోయిందనగానే చాలామంది చేసే పని షాపుకెళ్లి జాలి కొనుక్కురావడం. అది తర్వాత చూసుకోవచ్చండి, ముందు వచ్చిందెవరో కనిపెట్టండి. కుక్కకి వేసే అడ్డు వేరు, పాముకి వేసే అడ్డు వేరు, ఇక గద్దకైతే మీరు చుట్టూ ఎంత గట్టి దడి కట్టినా అది పైనుంచే దిగుతుంది.

పట్టపగలు కోడిపిల్లలు ఒక్కొక్కటిగా తగ్గుతుంటే గద్దో డేగో కాకో అయ్యుంటుంది. పగలే దడి పక్కన పెద్దకోడి మెడ కొరికేసి ఉంటే ముంగిస మీద అనుమానపడండి, అది ఎక్కువగా పగటిపూటే తిరుగుతుంది. రాత్రికి రాత్రి నాలుగైదు చంపేసి, తినకుండానే వదిలేసి, ఈకలు పెరడంతా చెల్లాచెదురుగా ఉన్నాయంటే చాలావరకు ఊరకుక్కలే. గుడ్లు మాయమై కనీసం పెంకు ముక్క కూడా మిగలకపోతే పాము పని అనుకోవచ్చు, అది గుడ్డుని గుడ్డులాగే మింగేస్తుంది. గూటి మూల కొత్తగా తోడిన మట్టి కుప్ప ఉంటే పందికొక్కు. ఏదీ తేలకపోతే సాయంత్రం గూడు చుట్టూ మూరెడు వెడల్పున పొయ్యిలో బూడిద పల్చగా జల్లి పెట్టండి, తెల్లారేసరికి అడుగులు అచ్చుగుద్దినట్టు పడి ఉంటాయి, పాము పాకినా చార కనిపిస్తుంది, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక అసలు సంగతి రాత్రి గూడు. మీ దగ్గర ఉన్న డబ్బులో సగం పైగా దీనికే పెట్టండి అంటాను, ఎందుకంటే చీకటి పడితే కోడికి కళ్లు కనపడవు, ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోతుంది, వచ్చినదానికి తీరిగ్గా దొరుకుతుంది. పోయిన వానాకాలం మా గూట్లో మూడు పెట్టలు పోయాయి. తలుపు వేసే ఉంది, గడియ పెట్టే ఉంది. రెండోరోజు కూర్చుని చూస్తే గడియ పైనే ఉంది కదా, కింద మూల చెయ్యి పెట్టి తోస్తే నాలుగు వేళ్ల సందు తెరుచుకుంటోంది, ఆ చెక్క అంచుకి బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి, అడవిపిల్లివి. చెక్క వానకి ఉబ్బి వంగిపోయింది, మేం చూసుకోలేదు. కింద ఇంకో గడియ, దానికి ఎత్తితే ఊడిపోకుండా చిన్న తీగ మెలిక, అంతే, ఆ తర్వాత రాత్రిపూట ఒక్కటీ పోలేదు. అందుకే చెప్తున్నా, ఈరోజే వెళ్లి గూటి తలుపు నాలుగు మూలలా తోసి చూడండి.

కొత్తగా గూడు కట్టుకునేవాళ్లు నేలమీద పెట్టకుండా నాలుగు గుంజల మీద రెండు మూడడుగుల ఎత్తులో పెట్టుకోండి. ఒక్కో గుంజకి పాత నూనె డబ్బా విప్పిన రేకు అడుగున్నర ఎత్తున చుట్టి మేకులు కొడితే ఎలకలు, పాములు పట్టు దొరక్క జారిపోతాయి. కానీ గూటికి ఆనించి నిచ్చెనో కర్రో సైకిలో వదిలేస్తే ఈ రేకులన్నీ దండగే. లోపల కోళ్లు కూర్చునే కర్ర మధ్యలో ఉండాలి, జాలికి ఆనుకుని ఉంటే పిల్లి బయట్నుంచే పంజాతో కాలు లాగేస్తుంది.

జాలి విషయానికొస్తే, ఆరు మూలల కన్నాలుండే సన్నతీగ కోళ్లజాలి చౌక, నిజమే, కానీ అది కోడిని లోపల ఉంచడానికే పనికొస్తుంది, కుక్క పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది, కన్నాల్లోంచి చిన్న పాము దూరుతుంది. అరంగుళం కన్నం ఉన్న వెల్డ్ మెష్, అంటే తీగలు ఒకదానికొకటి అతికించిన గట్టి ఇనుప జాలి కొనండి, అంతా అదే కొనాలంటే చాలా అవుతుంది కాబట్టి కింద రెండడుగులకి అది, పైన కోళ్లజాలి వేసుకోండి. గాలాడే సందుల్ని మాత్రం ప్లాస్టిక్ పట్టాతో మూసేయకండి, రెట్ట ఘాటుకి కోళ్లకి జబ్బులొస్తాయి.

గూడు నేలమీదే ఉందనుకోండి, పందికొక్కు, కుక్క కింద నుంచి తవ్వుతాయి. లోతుగా పాతక్కర్లేదు, మెష్ ముక్కని గోడ అడుగు నుంచి బయటికి అడుగు వెడల్పున పడుకోబెట్టి, పైన ఇటుక ముక్కలు, పెంకులు వేసి మట్టి కప్పండి. అవి గోడ దగ్గరే తవ్వడం మొదలుపెడతాయి, జాలి తగలగానే ఆగిపోతాయి.

పగటిపూట గద్దలకి మా గోదావరి వైపు వాడేది పాత చేపల వల, చిరిగిపోయింది వలవాళ్లని అడిగితే చాలా తక్కువకి ఇస్తారు. పిల్లలు తిరిగే చోట నాలుగు వెదురు కర్రల మీద కట్టేయండి, వదులుగా వేలాడనివ్వకండి, పాములు, పక్షులు చిక్కుకుంటాయి. పాత సీడీలు, మెరిసే రిబ్బన్లు కడితే కొన్నాళ్లు భయపడతాయి, తర్వాత అలవాటైపోతుంది, వారానికోసారి చోటు మార్చాలి. వీటికంటే నాకు నమ్మకం పొదల మీదే, గోరింటాకు గుబురో, కంది మొక్కలో, కొబ్బరి మట్టలు ఏటవాలుగా పేర్చినదో ఉంటే తల్లి ఒక్క కూత పెట్టగానే పిల్లలన్నీ దానికిందకి దూరిపోతాయి. వీలైతే రెండు గిన్నికోళ్లని కూడా పెంచండి, కొత్త నీడ కనిపిస్తే చాలు ఊరంతా వినపడేలా అరుస్తాయి.

తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసేవాళ్లు గంప మీద బరువైన రాయి పెట్టడం మర్చిపోకండి, కుక్క ముట్టెతో తోస్తే ఉత్త గంప ఇట్టే పడిపోతుంది. మా నానమ్మ పొద్దుగూకే ముందే గూడు దగ్గర నిలబడి ఒక్కో కోడి వీపు చేత్తో తట్టి లెక్కపెట్టేది, అలా చేస్తే ఒకటి తగ్గినా వెలుతురుండగానే వెతుక్కోవచ్చు. గుడ్లు రోజుకి రెండుసార్లు తీసేయండి, నూకలు రాత్రికి మిగలనివ్వకండి, నూకలకి ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాములొస్తాయి.

విషం మందు పెట్టడం, దడికి కరెంటు తీగ చుట్టడం మాత్రం వద్దండి, దణ్ణం పెట్టి చెప్తున్నా. ఆ మందు మీ కోడే తింటుంది, పక్కింటి కుక్క తింటుంది. కరెంటు తీగలకి మనుషులే పోతున్నారు. ముంగిస, అడవిపిల్లి వీటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చంపితే కేసు. పాము కనిపిస్తే కర్ర తియ్యకుండా పాములు పట్టేవాళ్లని పిలవండి.

ఒకసారి రుచి మరిగింది మర్నాడు మళ్లీ వస్తుంది, కాబట్టి సందు అదేరోజు చీకటి పడేలోపే మూసేయండి, సామాను దొరక్కపోతే కోళ్లని ఆ రాత్రికి ఇంట్లో గంపల కింద పెట్టుకోండి. గాయపడిన కోడి ఉంటే ముందు విడిగా తీసేయాలి, రక్తం కనపడితే మిగతావి పొడిచి చంపేస్తాయి. చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, ఈకలు పక్కకి తీసి చూడండి, పంటిగాట్లు పైకి చిన్నగానే ఉంటాయి గానీ లోపలికి దిగి ఉంటాయి, పసుపు రాసి ఊరుకోకుండా పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.