రాడార్‌లో వాన, రోడ్డు మీద గాజు

డాలస్, ఫోర్ట్‌వర్త్ వైపు ఉండే మనవాళ్లకి ఒక మాట. చలికాలంలో ఫోన్‌లో రాడార్ చూసి "వానే కదా" అని బయల్దేరకండి. రాడార్ కిరణం దూరం వెళ్లేకొద్దీ పైకి లేస్తుంది. 100 కిలోమీటర్ల అవతల అది చూసేది నేలకి కిలోమీటరు పైన ఉన్న గాలిని. అక్కడ వెచ్చటి పొర ఉంటే మంచు కరిగి చినుకవుతుంది. కింద చలి పొర పల్చగా ఉంటే ఆ చినుకు గాల్లో మళ్లీ గడ్డకట్టదు. నీళ్లలాగే దిగి, తగిలిన చోటల్లా గడ్డకట్టి గాజులా అతుక్కుంటుంది. రాడార్‌కి మాత్రం అది మామూలు వానే.

అందుకే దగ్గరి విమానాశ్రయం మెటార్ రిపోర్టు, అంటే అక్కడ నేల దగ్గర కొలిచిన వాతావరణ వివరాలు, కూడా తెరవండి. అందులో ఎఫ్‌జెడ్‌ఆర్‌ఏ (FZRA) అంటే గడ్డకట్టే వాన, ఎఫ్‌జెడ్‌డీజెడ్ (FZDZ) అంటే గడ్డకట్టే తుంపర. ఉష్ణోగ్రత ముందు ఎం (M) అక్షరం ఉంటే సున్నా సెల్సియస్ కన్నా తక్కువని. ఆ కోడ్‌లు లేకపోయినా సరే, రాడార్‌లో చినుకూ మెటార్‌లో ఎం అక్షరమూ కలిసి కనిపిస్తే నేను కారు తీయను.

2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యూ హైవే మీద 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. ఆ తెల్లవారుజామున పడింది సన్నటి చినుకే. ఫ్లైఓవర్ల దగ్గర మరీ జాగ్రత్త, కింద నుంచి కూడా చల్లగాలి తగిలి అవే ముందు గడ్డకడతాయి.