700ఆర్4 గేర్‌బాక్స్ రీబిల్డ్: మూడు-నాలుగు క్లచ్ మళ్లీ కాలకుండా

జనరల్ మోటార్స్ 1982లో తెచ్చిన ఈ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను విప్పినప్పుడు తరచూ కనిపించే దృశ్యం నల్లగా మాడిన మూడు-నాలుగు క్లచ్ ప్యాక్ (మూడు, నాలుగు గేర్లలో పట్టే ప్లేట్ల దొంతర). కొత్త ప్లేట్లు వేసి మూసేస్తే మళ్లీ అదే గతి పడుతుంది. ప్లేట్లు వాటంతట అవి కాలవు. ఆయిల్ ప్రెషర్ ఎక్కడో తప్పించుకుంటుంటే పట్టు చాలక జారి, జారి మాడతాయి. ఆ తప్పించుకునే దారి దొరికాకే పెర్ఫార్మెన్స్ పార్టుల మాట. లేకపోతే రోగమొకటి, మందొకటి.

దించకముందే లక్షణాలు చూడండి. రెండో గేరు, నాలుగో గేరు, రివర్స్ మూడూ ఒక్కసారే పోయి, ఒకటి, మూడు మాత్రం పనిచేస్తుంటే సన్ షెల్ విరిగినట్టే. ఆ మూడింటి బలమూ ఆ పల్చటి రేకు డ్రమ్ము మీదుగానే సన్ గేరుకు చేరుతుంది. అలా కాక రెండో గేరు బాగా లాగి, మూడోదానికి మారగానే ఇంజిన్ ఒట్టిగా అరిస్తే మూడు-నాలుగు క్లచ్ అయిపోయింది. పాన్ (బాక్సు కింది ఆయిల్ తొట్టి) అడుగున పల్చటి బూడిదరంగు బురద మామూలే. ఇత్తడి రంగు పొడి ఉంటే బుషింగులు, నల్లటి రేణువులుంటే క్లచ్‌లు అరిగాయని అర్థం.

విప్పడానికి 1987 తర్వాతి బాక్సు దొరికితే అదే తీసుకోండి. అప్పటికి కంపెనీయే చాలా లోపాలు సరిదిద్దింది. 1982-84 బాక్సుల ఇన్‌పుట్ షాఫ్టుకు 27 స్ప్లైన్లు (పొడవాటి పళ్లు), తర్వాతి వీ8 బాక్సులకు 30. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్సుకు అందించే భాగం) కొనేముందు లెక్కపెట్టుకోండి.

కొనాల్సినవి: పూర్తి సీల్ కిట్, మంచి రకం ఫ్రిక్షన్ ప్లేట్లు, కొత్త స్టీల్ ప్లేట్లు, బలపరిచిన సన్ షెల్, 29 ఎలిమెంట్ల ఇన్‌పుట్ స్ప్రాగ్ (ఒకవైపే తిరగనిచ్చే క్లచ్), గట్టిపరిచిన పంపు రింగులు, వెడల్పాటి రెండు-నాలుగు బ్యాండ్ (ఆ గేర్లలో డ్రమ్మును పట్టి ఆపే పట్టీ), కార్వెట్ సర్వో (బ్యాండును బిగించే పిస్టన్), 0.500 అంగుళాల బూస్ట్ వాల్వ్ (ఆయిల్ ప్రెషర్ పెంచేది). మొదటి గేరు నిష్పత్తి 3.06, రెండోది 1.63. ఈ దూరం పెద్దది కాబట్టి ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు బ్యాండు మీద దెబ్బ గట్టిగా పడుతుంది. కార్వెట్ సర్వోకు పిస్టన్ వైశాల్యం ఎక్కువ, అందుకే అదే ప్రెషర్‌తో బ్యాండును బిగువుగా పట్టుకుంటుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా చూపే పార్టు ఇదే.

పని అంతా ఇన్‌పుట్ డ్రమ్ములోనే ఉంది. ఓవర్‌రన్, ఫార్వర్డ్, మూడు-నాలుగు క్లచ్‌ల పిస్టన్లు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ముందు అల్యూమినియం డ్రమ్ములో స్టీలు షాఫ్టు వదులైందేమో చేత్తో తిప్పి చూడండి. ఏమాత్రం కదిలినా డ్రమ్ము పారేయండి. పిస్టన్ దింపేటప్పుడు లిప్ సీలు పెదవి వెనక్కి మడతపడటం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. సీలుకు పెట్రోలియం జెల్లీ రాసి, సన్నటి తీగ చుట్టూ తిప్పుతూ పెదవిని లోపలికి సర్దుతూ దింపండి. బలంగా నొక్కారంటే సీలు తెగుతుంది. బేరింగు గ్రీజు వాడొద్దు. అది ఆయిల్లో కరగక సన్నటి దారుల్లో అడ్డుపడుతుంది.

షాఫ్టు మీది నాలుగు టెఫ్లాన్ రింగులు ఎక్కించాక సాగి ఉంటాయి. సైజింగ్ టూల్‌లో కాసేపు ఉంచితేనే గాడిలో కూర్చుంటాయి. అలా చేయకుండా స్టేటర్ గొట్టంలోకి దూర్చితే అంచు చీలి, మూడో గేరు ప్రెషర్ అక్కడే కారిపోతుంది. షాఫ్టు కొసన ఉండే చిన్న ఓ-రింగ్ మరిచిపోతే కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌నూ బాక్సునూ నేరుగా కలిపే పట్టు) సరిగా పట్టదు.

ఫ్రిక్షన్ ప్లేట్లను ఆయిల్లో కనీసం అరగంట నానబెట్టండి. మూడు-నాలుగు ప్యాకులో కంపెనీ ఇచ్చేవి ఆరు. పల్చటి స్టీళ్లతో ఏడు, ఎనిమిది పెట్టొచ్చు, కానీ స్టీలు పల్చబడితే వేడి దాచుకునే శక్తీ తగ్గుతుంది. రోడ్డు మీద తిరిగే కారుకు ఏడు మంచి ప్లేట్లు చాలు. బ్యాకింగ్ ప్లేటు దగ్గర ఫీలర్ గేజ్‌తో ఖాళీ కొలవండి: 0.8 నుంచి 1.2 మిల్లీమీటర్లు రావాలి. తక్కువైతే మొదటి, రెండో గేర్లలో ప్లేట్లు రాసుకుంటూ వేడెక్కుతాయి. ఎక్కువైతే పిస్టన్ ఎక్కువ దూరం కదలాలి, మూడో గేరు ఆలస్యంగా పడుతుంది. ఆ తర్వాత షాఫ్టు రంధ్రం నుంచి 30-40 పీఎస్ఐ గాలి పెట్టండి. "టప్" మని పిస్టన్ కూర్చుని, గాలి ఆపగానే వెనక్కి రావాలి. బుస్సుమంటూ గాలి పోతూనే ఉంటే సీలు తెగింది, మళ్లీ విప్పాల్సిందే.

చాలామంది చూడని చోటు ఒకటుంది. కేసులో సర్వో గుంట లోపల మూడో అక్యుమ్యులేటర్ చెక్ బాల్ క్యాప్సూల్ (ఆయిల్ దారిని మూసే చిన్న గోళీ ఉన్న గొట్టం) ఉంటుంది. ఆ గుంటలో పెట్రోలు లాంటి ద్రావకం పోసి, కేసు లోపలి వైపు చూడండి. కారుతుంటే క్యాప్సూల్ మార్చండి. కొత్త క్లచ్‌ను కాల్చేది చాలాసార్లు ఇదే.

పంపు రెండు సగాలను కలిపేటప్పుడు చుట్టూ అలైన్‌మెంట్ బ్యాండు బిగించాకే బోల్టులు 24 న్యూటన్ మీటర్లకు తిప్పండి. సగాలు పక్కకు జరిగి ఉంటే కేసులోకి దిగదు, సుత్తితో కొడితే బుషింగు పోతుంది. వాల్వ్ బాడీ (ఆయిల్‌ను గేర్లకు పంచే వాల్వుల దిమ్మ) బోల్టులకు 11 న్యూటన్ మీటర్లు చాలు. దాని మీది సెపరేటర్ ప్లేటు (ఆయిల్ రంధ్రాలున్న రేకు) రంధ్రాలను కిట్‌లో రాసిన సైజు దాటి తొలవకండి. రంధ్రం పెద్దదయ్యాక గేరు గట్టిగా పడుతోందని మురిసిపోతే సన్ షెల్ విరగ్గొట్టుకోవడమే.

బ్యాండుకు యాంకర్ పిన్ పెట్టారో లేదో కేసు మూసేముందు మరోసారి చూడండి. బాక్సును నిలబెట్టి డయల్ గేజ్‌తో షాఫ్టు కదలిక కొలిస్తే 0.13 నుంచి 0.92 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 0.25-0.5 మధ్య ఉంచితే ఇంకా మంచిది. తేడాను సెలెక్టివ్ వాషరుతో (వేర్వేరు మందాల్లో దొరికేది) సరిచేయండి.

కన్వర్టర్ మూడుసార్లు లోపలికి "డక్" మని దిగాలి. బాక్సు బిగించాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేటుకూ (ఇంజిన్ వెనక తిరిగే పల్చటి చక్రం) మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా బోల్టులు లాగితే స్టార్టు చేయగానే పంపు పగులుతుంది. పాత కూలర్లో పాత క్లచ్ చెత్త ఉంటుంది. కడగడం కన్నా మార్చడమే నయం.

ఇక టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. థ్రాటిల్ ఎంత తెరిస్తే బాక్సులో ప్రెషర్ అంత పెంచేది ఇదే. సర్దుబాటు బటన్ నొక్కి, స్లైడర్‌ను వెనక్కి పూర్తిగా నెట్టి వదిలి, థ్రాటిల్‌ను చేత్తో చివరిదాకా తెరవండి. టిక్ టిక్‌మని అదే సర్దుకుంటుంది. వేరే కార్బ్యురేటర్ పెట్టి ఉంటే లింకేజ్ కొలతలు మారతాయి కనుక, పూర్తి థ్రాటిల్లో కేబుల్ కూడా పూర్తిగా లాగబడుతోందా అని కళ్లతో చూడండి.

ఖాళీ బాక్సుకు దాదాపు 10 లీటర్లు పడుతుంది. నాలుగైదు పోసి, స్టార్టు చేసి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ నింపండి. ప్రెషర్ గేజ్ తగిలించే మొదటిసారి నడపండి. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం ఎగిసినా అక్కడే ఆపి, కేబుల్ చూశాకే మళ్లీ కదలండి. కొత్త ప్లేట్లు ఎక్కువసార్లు జారడాన్ని ఓర్చుకోలేవు.